గోపిక ఖాళీగా వదిలిన గడి

సూర్యాపేటలో ఒక జూనియర్ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పే గోపికకు పొగడ్తలంటే మహా మొహమాటం. ఎదురుగా ఉంటే ఈ నాలుగు మాటలు కూడా రాయనిచ్చేది కాదు.

మాడుగులపల్లిలో గొర్రెలు కాసే బిక్షం కూతురు ఆమె. 2010 ఎండాకాలం సెలవుల్లో కూర్చుని "పుట" అనే చిన్న సాఫ్ట్‌వేర్ రాసింది. ఊరు, విషయం, తారీఖు లాంటివి గళ్లలో నింపితే చాలు, వాటిని తెలుగు వాక్యాలుగా పేర్చి వెబ్ పేజీ తయారుచేసి పెడుతుంది. దాని కోడంతా నెట్‌లో పెట్టేసి, ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, పైసా ఇవ్వక్కర్లేదంది. ఈ పిల్లకేమైనా పిచ్చా అనుకున్నారు తోటి లెక్చరర్లు.

దాన్ని నెత్తిన పెట్టుకున్నవాడు శివకుమార్. గోపికతో డిగ్రీ చదివి మిర్యాలగూడలో నెట్ సెంటర్ పెట్టుకున్నాడు. చుట్టుపక్కల ఊళ్ల కోసం వారం వారం ఒక పేజీ చేసేవాడు. కరెంటు కోతలు, సంతలు, పశువుల టీకాల శిబిరాలు, అన్నీ అందులో ఉండేవి. నెట్ లేని ఊళ్లలో అదే పేజీ అచ్చు తీసి పాలకేంద్రం గోడకు అంటించేవాడు. అతనికి కోరికలెక్కువ. ఫొటోలు కావాలన్నాడు, గోపిక పెట్టింది. రంగులన్నాడు, అవీ పెట్టింది. చివరికి, "గళ్లు ఖాళీగుంటే పేజీ బోసిగ కనవడ్తది. మనం ఏదన్న మర్సిపోతే పాత పేజీలకెల్లి తీస్కొని అదే నింపుకోవాలె" అన్నాడు. తన పుట అంత తెలివిమీరుతుందా అని మురిసిపోతూ ఆమె అదీ రాసిచ్చింది. అది నచ్చి కొత్తగా నలభై మంది దాకా వాడటం మొదలుపెట్టారు.

2012 మే నెల. గొర్రెలకు చిటుక రోగం టీకాలు వేసే తారీఖు ఇంకా ఖరారు కాలేదు. శివకుమార్ ఆ గడి వదిలేశాడు. పుట ఊరుకుంటుందా? నిరుటి పేజీలోంచి పదిహేడో తారీఖు తెచ్చి పెద్దక్షరాల్లో పెట్టింది. కాగితం చూసుకుని కాపరులంతా మందలు తోలుకుని పశువుల దవాఖానకు నడిచారు. టీకాలేవంటే అక్కడ ఎవరికీ తెలియదు. నెత్తి మాడే ఎండ. ఇళ్లకు తిరిగి వచ్చేలోపు బిక్షం మందలో రెండు గొర్రెపిల్లలు దారిలోనే చచ్చిపోయాయి.

సంగతి తెలిసి గోపిక బస్సెక్కి ఊరికి పోయింది. తండ్రి తిడితే బాగుండుననుకుంది. ఆయన తిట్టలేదు.

"ఆ తారీఖు ఎవలు జెప్పిన్రు బిడ్డా?"

"ఎవలు జెప్పలే నాయినా. కంప్యూటరే పెట్టింది. గట్ల పెట్టమని నేనే రాసిన."

"తెల్వకుంటే తెల్వదని రాయొచ్చు గదా. దానికి రాదా?"

దానికి రాదు. ఆమె నేర్పితే గదా వచ్చేది. సిగ్గుతో గోపిక తలెత్తలేకపోయింది.

ఆ ఆదివారమే మిర్యాలగూడ వెళ్లి శివకుమార్ ఎదుట కూర్చుంది. "మనం చెప్పిందే పుట రాస్తది. చెప్పంది కల్పించదు. ఖాళీ ఉన్నకాడ ఇంకా తెలియదు అని పెడ్తది. గంతవరకే దాని పని."

"సూసుకోకపోవుడు నా తప్పు. దానికి అందరికి బంద్ పెడ్తవా? గా నింపుడు తీసేస్తే సగం మంది పోతరు."

"పోనీ."

"నేను గూడ పోత గోపికా. నాకు నిండు పేజీ గావాలె."

రెండేళ్లుగా ఆమెతో కలిసి పనిచేసిన మనిషి అతనొక్కడే. అయినా, "కోడ్ అందరిది. నీకు నచ్చినట్టు మార్సుకో, నేను అడ్డం రాను" అని చెప్పి, తన పుటలోంచి మాత్రం ఆ భాగం పీకేసింది. నోట్లో నాలుక లేని మనిషిలా కనిపించే గోపికలో అంత మొండితనం ఉందని ఎవరనుకుంటారు?

శివకుమార్ తన దారి తాను చూసుకున్నాడు. నలభై మందిలో ముప్పై మంది అతని వెంటే పోయారు. మాడుగులపల్లి పేజీని గోపికే చేసి, ప్రతి ఆదివారం బస్సులో వచ్చి పాలకేంద్రం గోడకు తన చేత్తోనే అంటించసాగింది.

మరుసటి మే నెలలోనూ తారీఖు తేలలేదు. ఆ గడిలో "ఇంకా తెలియదు" అని అచ్చయింది. అలవాటు కొద్దీ పదిహేడున ఎవరైనా వస్తారేమోనని గోపిక పొద్దున్నే వచ్చి దవాఖాన ముందు నిలబడింది. మిట్టమధ్యాహ్నం దాకా చూసింది. ఒక్క మందా రాలేదు. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఎవలకోసం మేడం, పొద్దటిసంది నిలవడ్డరు?" అని అటెండరు అడిగాడు.

"ఎవలు రావొద్దని నిలవడ్డ" అంది గోపిక.