మోగని ఫోను, పోయినేటి కథ

"పాపకి స్నానం చేయిస్తుంటే ఫోనొస్తే ఎలా, పిన్నీ? ఎత్తకపోతే బహుమతి ఇంకొకళ్లకి ఇచ్చేస్తారేమో!"

నారె ఈ మాట అనడం అది మొదటిసారి కాదు. బియ్యప్పిండి మరలోంచి తెల్లగా, పొగలు కక్కుతూ దిగుతున్న పొడుగాటి ముద్దల్ని కత్తెరతో తుంచుతూ ఆ మర నడిపే మల్‌సున్ నవ్వింది.

"ఇవ్వరులే. ముందు ఆ పిల్ల నోట్లోంచి సంచి తాడు తియ్యి."

పత్రికల కొత్త సంవత్సరం పోటీకి కథ పంపినవాళ్లకు డిసెంబరంతా ఇదే గోల. గెలిచినవాళ్లకు క్రిస్మస్ లోపు ఫోను వస్తుంది. తక్కినవాళ్లకు వద్దని కూడా ఎవరూ చెప్పరు. రసాయనశాస్త్రం చదివిన నారెకు ఈ మౌనం మింగుడుపడేది కాదు. ప్రయోగం విఫలమైతే గాజు గొట్టంలోని ద్రవమైనా రంగు మారి ఆ సంగతి చెబుతుంది కదా.

అప్పుడే నారె ఫోను మోగింది. పిండి చేత్తోనే ఎత్తింది. "నమస్కారమండీ... ఆఁ... వద్దండీ, థాంక్స్."

"అప్పిస్తానన్నాడా?"

"ఊఁ."

"ఏడాదికోసారైనా ఆ అప్పుల కంపెనీవాళ్లకి మర్యాద దక్కుతుంది, పత్రిక ఫోనేమోనని ఎత్తే మన పుణ్యమా అని!"

క్రిస్మస్ వెళ్లిపోయింది. ఫోను రాలేదు. కొత్త సంవత్సరం పొద్దున మల్‌సున్ పిలిస్తే నారె పాపను వీపున కట్టుకుని వెళ్లింది. బల్ల మీద ఆ మర ముద్దల్ని బిళ్లలుగా కోసి చేసిన సూప్, పక్కన పత్రిక. అందులో గెలిచిన అమ్మాయెవరిదో ఫొటో, కథ. నారె చెంచా ముట్టలేదు.

"నా కథ చించేస్తా పిన్నీ."

మల్‌సున్ కిటికీలోంచి రేవు వైపు చూసింది. ఆమె కూడా ఈ మర దగ్గరే కథలు రాస్తూ ముసలిదైంది. ఇప్పటికీ పంపుతూనే ఉంది.

"నా కథొకటి చివరి వడపోతదాకా వెళ్లిందే ఒకప్పుడు. న్యాయనిర్ణేతల మాటల్లో నా పేరు అచ్చయింది. ముగింపు తొందరపడిందన్నారు. పత్రిక చంకలో పెట్టుకుని సాయంత్రం దాకా రేవులో తిరిగాను. ఆ రోజు ఈ సూప్ తినలేదు. కొత్త సంవత్సరం పొద్దున ఇది తింటేనే కదా మనకి ఒక ఏడు మీదపడేది? నేను ఆ ఏడులోనే ఉండిపోయాను. పేర్లు మార్చి, ముగింపు మార్చి, ఏటేటా అదే కథ పంపాను. ఫోను మోగినప్పుడల్లా ఇప్పటికీ గుండె అక్కడికే పోతుంది."

గిన్నెను నారె ముందుకు జరిపింది. నారె తినసాగింది. వీపు మీది పాప కూడా నోరు తెరిచింది.

ఇప్పుడు పాప నిద్రపోగానే నారె ఆ కథ తీస్తుంది. ఫోను మోగుతుందేమోనని చెవి ఇంకా అటే ఉంటుంది. అయినా పిన్ని ఆ పొద్దున చెప్పినట్టే చదువుతుంది. గిన్నె జరుపుతూ పిన్ని అన్నదిది: "తిను. తిన్నాక నువ్వొక ఏడు పెద్దదానివి. వాళ్లు కాదన్నది పోయినేటి నారె కథని. దాన్ని చెల్లెలు రాసిందనుకుని చదువు. తిట్టకు, దగ్గర కూర్చోబెట్టుకుని దిద్దు. నీ కథ కొత్తగా మొదలుపెట్టు."