మెర్ల్ నానమ్మ ఎడమచెయ్యి

ఇక్కడి కుక్కల సంగతి సరే, మా నానమ్మ మెర్ల్ తన చేత్తో తినిపిస్తే ఉత్తరాది నదుల్లోని మొసళ్ళు కూడా బుద్ధిగా నమిలి తింటాయి. కొత్తగా వచ్చిన నగ్గెట్ మాత్రం వేరే రకం. పట్నంలో కుక్కలకని సంచుల్లో అమ్మే గట్టి మేతగింజలు మింగుతూ పెరిగిన ఆ గొర్రెల కుక్కకు పళ్ళు నమలడానికని తెలియదు. పచ్చి మాంసం అలవాటు కాందే మంద వెంట పరిగెత్తే సత్తువ రాదని నానమ్మ పట్టు. కానీ అంతకుముందున్న కుక్క పచ్చి కోడిమెడను ఒకేసారి మింగబోయి, గొంతుకు అడ్డంపడి ఆమె ఒళ్ళోనే పోయింది. అందుకని ఈసారి ఆమె కోడిమెడ ఒక కొసను గుప్పిట్లో బిగించి, రెండో కొసను నగ్గెట్ నోటికి అందించింది.

కుక్క ఒక్క గుంజు గుంజింది. గుర్రుమంటూ పళ్ళను ఆమె వేళ్ళ దాకా జరిపింది.

"వదిలెయ్యవే మెర్ల్, వేళ్ళు పోతాయి!" అని గుమ్మంలోంచి తాత క్లారీ అరిచాడు.

"వదిలితే కుక్క పోతుంది. ముందు నువ్వు నోరు ముయ్యి."

వేళ్ళకు కుక్క చొంగ తగులుతున్నా ఆమె కదల్లేదు. చాలాసేపటికి నగ్గెట్ తల పక్కకు వాల్చి, దవడపళ్ళతో నొక్కింది. ఎముక పటుక్కుమంది. నమిలిన ముక్క గొంతు దిగాక గానీ నానమ్మ ఊపిరి వదల్లేదు.

"భయం వెయ్యలేదా నానమ్మా?" అని అడిగాను.

"వెయ్యకేం? అందుకే ఎడమచెయ్యి పెట్టాను. కుడిచెయ్యి నీ వీపు వాయించడానికి కావాలిగా."