కడిగిన నీళ్లు

ఎనభైల నాటి మాట. మార్టూరులో బస్సెక్కి నా పక్కన కూర్చున్న పత్తి రైతు, నా ఒళ్లో పరిచి ఉన్న ప్లాంటు పటం చూసి అదేమిటని అడిగాడు. కరెంటు కోసం బొగ్గును గ్యాసుగా మార్చే పరిశోధనలో ఉన్నానప్పుడు.

“బొగ్గును నేరుగా కాల్చమండి. గ్యాసుగా మార్చి, దాన్ని నీళ్లతో కడిగి, అప్పుడు మండిస్తాం. పొగా మసీ పెద్దగా ఉండవు,” అన్నాను, కొంచెం గర్వంగానే.

ఆయన వేలు పటం మీద నడిచి, గ్యాసు కడిగే తొట్టి దగ్గర ఆగింది.

“కడిగిన నీళ్లు ఎక్కడ పోస్తారు బాబూ?”

“అది వేరేవాళ్లు చూసుకుంటారండి.”

ఆయన కిటికీలోంచి చేల వైపు చూశాడు.

“పత్తికి మందు కొట్టి, డబ్బా కాలవలో కడిగాను. డబ్బా శుభ్రంగానే ఉంది. దిగువన ఆ నీళ్లు తాగి మా తమ్ముడి గేదె చచ్చిపోయింది. వాడు నాతో మాట్లాడి రెండేళ్లయింది బాబూ.”

చిలకలూరిపేటలో దిగిపోయాడు.

నేను మళ్లీ పటం చూసుకున్నాను. తొట్టి కింద నుంచి బయలుదేరిన బాణం గుర్తు ఒకటి కాగితం అంచుదాకా వెళ్లి ఆగిపోయింది. ఆ బాణం గీసింది నేనే.