అడగకుండా నింపిన పదిహేను

పసుపు ఉడకబెట్టిన తేదీలు నేనే రాస్తాను. ఏ కుప్ప ఎప్పుడు ఉడికింది, ఎన్నాళ్లు ఎండింది అన్నది ఇంట్లో అందరూ నన్నే అడిగేవారు. ఈ ఏడు మనవరాలు ఆ లెక్కను ఫోనులోకి ఎక్కించింది. స్విఫ్ట్ అనే కంప్యూటరు భాషలో ప్రోగ్రాములు రాయడం దాని ఉద్యోగం. అందులో స్ట్రక్ట్ అంటే గళ్లున్న కాగితం లాంటిదట, ఆ గళ్లే ప్రాపర్టీలట. చేను, ఉడికిన తేదీ, ఎండిన రోజులు. అన్ని గళ్లూ నిండితే తప్ప మిషను ఒప్పుకోదట. ఆ పద్ధతి నాకు నచ్చింది.

ఒక పొద్దున నేను వెళ్లేసరికి నా కొడుకు పెర్కిట్ చేని పసుపును, కొమ్ముల పొట్టు రాల్చే పాలిష్ డ్రమ్ముకు పంపడానికి ట్రాక్టరులోకి ఎత్తిస్తున్నాడు. అది ఉడికి ఆరు రోజులే అయింది. బస్తాలో చెయ్యి పెట్టి ఒక కొమ్ము విరవబోయాను. విరగలేదు, వంగింది.

"గిది ఎండిందని ఎవలు చెప్పిన్రు నీకు?"

"ఫోన్ల పదిహేను రోజులని ఉందమ్మా. చూస్కో."

మనవరాలిని పిలిచాను. ఎండిన రోజుల గడిలో మా పదకొండు కుప్పలకూ పదిహేనే ఉంది.

"గా గడి నింపకపోతే కుప్పకుప్పకూ ఎర్ర గీత పెడ్తది బాపమ్మా. అందుకే ముందుగాల్నే పదిహేను పెట్టేసిన. ఇగ అడగది. తర్వాత మార్చుకోవచ్చని వార్ అని కూడా రాసిన."

"మార్చినవా మరి?"

"మర్చిపోయిన."

"మిషను సక్కగనే అడిగింది. నువ్వు దాని నోరు మూసినవు."

"మామూలుగా పట్టేది పదిహేను రోజులే గద."

"గీ కుప్పకు పట్టిందెన్ని?"

అది ల్యాప్‌టాప్ తెరిచి పదిహేనును చెరిపేసింది. వెంటనే పదకొండు చోట్ల ఎర్ర గీతలు పడ్డాయి. నేను రాసుకున్న తేదీలు చదువుతుంటే అది రోజులు లెక్కగట్టి కొట్టింది. తేదీని లెట్ అని రాయించాను. అలా రాస్తే మళ్లీ ఎవరూ మార్చలేరట. తేదీ ఉన్నాక రోజులకు వేరే గడి ఎందుకని అడిగితే, దాన్ని తీసేసి, తేదీని బట్టి మిషనే లెక్కపెట్టేలా మార్చింది. ఇంత చదువుకున్న పిల్లకు ఆ పని మొదటే తోచలేదు.

బస్తాలన్నీ మళ్లీ కళ్లంలో కుమ్మరించారు. అప్పటికే అడుగు బస్తాల్లోని కొమ్ములు చెమ్మకు వేడెక్కాయి. డ్రమ్ము దగ్గర మా వంతు వేరేవాళ్లకు పోయింది.

"డ్రమ్ము నడిపేటాయన వారం దాకా ఖాళీ లేదంటున్నడమ్మా," అన్నాడు కొడుకు, తప్పు నాదైనట్టు.

వేడెక్కిన కొమ్ములను ఒక పక్కకు లాగి, ఎండకు పలుచగా పరచడం మొదలుపెట్టాను.