నేను జరిపిన నల్లపోగులు

ఏళ్ల నుంచి ఒక మాట గొంతులో అడ్డం పడి ఉంది. మింగలేను, కక్కలేను. నువ్వు నన్ను ఎరగవు, నేను నిన్ను ఎరగను, అందుకే నీకు చెప్పడం సులువు. మా ఇంట్లో చెబితే దీనికి ఇంకో అర్థం తీస్తారు. ఆ అర్థం పూర్తిగా అబద్ధం కూడా కాదు. అదే నా బాధ.

మాది ఎమ్మిగనూరు, మగ్గాల ఇల్లు. నేను పెద్దకోడలిని. మా మరిది భార్యను ఇక్కడ ఈరమ్మ అంటాను, అసలు పేరు అది కాదు. నా పని పడుగు అతకడం. మగ్గం మీద నిలువు పోగులు అయిపోవస్తే, వాటి కొసలకు కొత్త పోగుల్ని ఒక్కొక్కటిగా, బూడిద అద్దుకున్న వేళ్లతో మెలిపెట్టి కలపాలి. వీధిలో ఎవరి మగ్గానికైనా నన్నే పిలుస్తారు. నా చేతిలో పోగు తప్పదని పేరు. ఈరమ్మ ఈ ఇంటికి రాకపోయుంటే ఆ పేరుతోనే తృప్తిగా బతికేదాన్ని.

ఆమె నేత ఒక మోస్తరు. కానీ ఊహ ఉంది. పత్తికొండలో టమాటా ట్రాక్టర్ల మీద కప్పిన పట్టాలు చూసి వచ్చి, ఆ రంగుల్లో చారలు వేద్దామంటుంది. మిద్దె మీద మిరపకాయలు ఎండబోస్తే నేను ఎంత తూగుతాయని చూస్తాను. ఆమె దోరవీ పండినవీ పక్కపక్కన పేర్చి, పని మానుకుని కూర్చుంటుంది. అత్త ఏమీ అనదు. నేను అట్లా కూర్చుంటే ఊరుకునేదా? ఒకసారి మా ఆయన అన్నం తింటూ, ఈరమ్మ తల భలే తల అన్నాడు. కడుపుమంట అంటారే, అది నిజంగా కడుపులోనే పుడుతుంది.

నేను ప్రయత్నం చేయలేదనుకోకు. తలుపేసుకుని రంగు నూలు ముందు పెట్టుకుని కూర్చున్నాను. ఎరుపు పక్కన నలుపు పెట్టాను. ఎందుకు? మా అమ్మ అట్లాగే పెట్టేది కాబట్టి. అంతకు మించి ఒక్కటి తట్టలేదు.

ఆదోనిలో ఒక బట్టల అంగడి ఆయన, ఈరమ్మ అనుకున్న చారల దుప్పటి ఒకటి నేసి చూపించమన్నాడు. నచ్చితే ఇక మీదట ఆమె చెప్పిన రకాలే నేయించుకుంటానన్నాడు. రంగుల వరస లెక్క చూసుకుని, కొత్త నిలువు పోగుల్ని పేర్చి పడుగు పోసింది ఈరమ్మ. అతకడానికి కూర్చున్నది నేను. ఎర్రచార అంచున రావలసిన నల్లపోగులు నాలుగు ఉన్నాయి. వాటిని ఎర్రపోగుల నడుమకు జరిపి అతికాను. తెలిసే చేశాను. చెయ్యి వణకలేదు. కనీసం వణికి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

కొంచెం నేయగానే చార నడుమ నల్లగీత తేలింది. ఈరమ్మ నేత ఆపి నన్ను పిలిచింది.

"అక్కా, ఈడ సూడు. ఈ నల్లది ఈడికి యాడ నుంచి వచ్చె?"

"నువ్వు పోసిన వరసే కదమ్మే. ఉన్నది ఉన్నట్టు అతికినా."

"అయితే నేనే తప్పు పోసింటా. నీ సేతిలో పోగు తప్పదు గదా."

అంతే. ఆమెకు రవ్వంత అనుమానం రాలేదు. నన్ను కాపాడింది నా మంచి పేరే.

గడువు దగ్గరపడింది కాబట్టి దాన్నే నేసి తీసుకుపోయారు. అంగడి ఆయన విప్పి చూసి, లెక్క కుదరనోళ్లకు కొత్త రకాలెందుకు అన్నాడట. ఈరమ్మ ఏడవలేదు. కానీ అప్పటి నుంచి పడుగు పోసిన ప్రతిసారీ, "అక్కా, నువ్వొకతూరి సూడు, నా సెయ్యి మీద నాకే నమ్మకం లేదు" అంటుంది. నేను చూస్తాను. తప్పుంటే సరిచేస్తాను కూడా. చాలాకాలం ఆమె నోట కొత్త రకం మాట రాలేదు. ఆ కాలమంతా నేను హాయిగా ఉన్నాను. ఇది కూడా ఒప్పుకోకపోతే ఇంత రాయడం దేనికి?

ఆ దుప్పటి ఇంట్లో కప్పుకోవడానికి పడింది. ఒకసారి జ్వరమొచ్చి అదే కప్పుకుని పడుకున్న ఈరమ్మ, లేచి కూర్చుని నల్లగీతను వేలితో రాస్తూ ఉండిపోయింది. జ్వరం తగ్గాక అదే గీతను ఒక్కో చారలో కొంచెం కొంచెం పక్కకు జరుపుతూ కొత్త పడుగు పోసింది. ఆ దుప్పటి పరిస్తే గీత ఈ అంచు నుంచి ఆ అంచుకు నడిచిపోతున్నట్టు ఉంటుంది. ఇప్పుడు మా వీధిలో సగం మగ్గాల మీద అదే రకం. ఆదోని ఆయన అడిగి మరీ తీసుకుపోతున్నాడు. నేను విషం వేస్తే ఆమె దాంతో వంట చేసి ఊరంతటికీ పెట్టింది. నాకు మళ్లీ కన్ను కుట్టింది.

మొన్న నేతగాళ్లకు కొత్త డిజైన్ల మీద శిక్షణ పెట్టారు. కొత్త ఆలోచన ఎవరికైనా వస్తుందని, చెడిపోయిందాన్ని పారేసేముందు కాసేపు చూడమని నేర్పడానికి వచ్చినాయన చెప్పాడు. ఈ రకం ఎట్లా తట్టిందని ఈరమ్మను అడిగాడు. "నా సెయ్యి తప్పింది సార్, ఆ తప్పులో నుంచి వచ్చినాది" అంది. అందరూ చప్పట్లు కొట్టారు.

లేచి, ఆ తప్పు నీది కాదు అని చెప్పబోయాను. కాళ్లు కదిలాయి కూడా. అప్పుడే లోపల నుంచి ఇంకో మాట వినపడింది: ఆ గీత పెట్టింది నేను కదా, ఈ రకం సగం నాదే కదా. మరి నేను లేచింది ఆమె చేతికి నమ్మకం తిరిగివ్వడానికా, చప్పట్లలో వాటా అడగడానికా? తెలియలేదు. కూర్చుండిపోయాను. ఇప్పుడు ఇంట్లో చెప్పినా అనేది అదే, పేరొచ్చాక పొత్తుకు వచ్చిందని.

కానీ సగం నాది కాదు. ఏ కొంచెమూ నాది కాదు. ఆ గీతను అందరికన్నా ముందు చూసింది నేను. నా కంటికి ఏది చూసినా తప్పా ఒప్పా అన్నదొక్కటే ప్రశ్న. దీంతో ఇంకేం చేయొచ్చు అని ఆమె అడుగుతుంది. అది నేర్చుకోవచ్చునంట. నేర్చుకుంటానేమో. అయితే ఆ రోజు నాకు ఆ గీతలో ఆమె ఓడిపోవడం తప్ప ఇంకేమీ కనపడలేదు.

ఈ పొద్దున మళ్లీ పిలిచింది. కొత్త పడుగు. "అక్కా, నువ్వొకతూరి సూడు." వరసంతా వేలితో తడిమి, సరిగ్గా ఉంది అన్నాను. ఆమె మొహంలో నిమ్మళం చూసి, ఇంకో మాట నాలుక చివరి దాకా వచ్చి ఆగిపోయింది. దాన్ని ఇక్కడ పెడుతున్నాను. గొంతు కొంచెం తెరిపినపడింది.

ఈరమ్మా, ఆ దుప్పటికి కూడా నువ్వు సరిగ్గానే పోసినావు.