శుక్రవారం నిప్పు

నా భార్య ఆషాఢంలో పోయింది. నంద్యాల ఆసుపత్రిలో, తెల్లవారుతుండగా. పలకరించడానికి వచ్చినవాళ్ళు దాదాపు అందరూ ఒకే మాట అన్నారు: "ఆయమ్మకు ఎవరి మీదా కోపముండేది కాదు." మంచి మనసుతోనే అన్నారు. కానీ నిజం కాదు. ఆమెకు ఒక మనిషి మీద కోపం ఉండేది. దాన్ని చివరిదాకా ఆరిపోనివ్వలేదు. దాన్ని వదిలేసి రాస్తే, నేను రాసింది ఇంకెవరి గురించో అవుతుంది.

డెబ్బైల మొదట్లో నేను ఆళ్ళగడ్డలో లెక్కల టీచర్ని. ఒక ఇంటి వెనక భాగంలో అద్దెకుండేవాళ్ళం. ఇల్లుగలామె ముందు భాగంలో ఉండేది. ముసురు పట్టిన రోజుల్లో ఒకసారి నేను నంద్యాలకు పేపర్లు దిద్దడానికి పోయాను. ఇంట్లో నా భార్య, మా బిడ్డ. బిడ్డకు ఏడాది నిండలేదు, జ్వరం. కప్పు కారి అగ్గిపెట్టె నానిపోయింది. తెల్లారి ఆమె కుండపెంకు పట్టుకుని నిప్పుకోసం ఇల్లుగలామె వాకిట్లో నిలబడింది.

"ఏమ్మే, శుక్రవారం పొద్దున్నే నిప్పుకొచ్చినావా? మా ఇంటి లచ్చిమిని పెంకులో ఏస్కోని పోదామనా?"

"బిడ్డకు జరమక్కా. గంజి కాయల్ల."

"సదువుకున్నోని పెండ్లానివి, ఒక అగ్గిపెట్టె దాసుకోను సాతగాదా?"

అంటూనే పొయ్యిలోంచి నిప్పులు బయటికి లాగి, చెంబుతో నీళ్ళు చల్లింది. సుయ్‌మన్నాయి. "ఇంగ యాడుండాది నిప్పు?" అంది.

వానలో వీధి చివరి ఇంటిదాకా పోయి తెచ్చుకుంటే, వాకిలి చేరేసరికి పెంకులో తడి బూడిద మిగిలింది. ఆ పూట బిడ్డకు గంజి లేదు, కాపడం లేదు. మధ్యాహ్నం నేను బస్సు దిగి వచ్చాక పొయ్యి వెలిగింది. ఆ చలికాలంలో బిడ్డ మాకు దక్కలేదు. దానికీ దీనికీ సంబంధం లేదని డాక్టరు చెప్పాడు. నేను నమ్మాను. ఆమె నమ్మలేదు.

బిడ్డ పోయిన నెలలోనే వేరే వీధికి మారాం. అక్కడ ఆమె అగ్గుండలు చేయడం మొదలుపెట్టింది. నంద్యాల పోయినప్పుడల్లా పత్తిమిల్లు దగ్గర ఊడ్చిపారేసిన దూది నాతో తెప్పించేది. ఆముదం వండినాక అడుగున మిగిలే మడ్డి దాచేది. దూదీ, పిడకల పొడీ, మడ్డీ కలిపి పిసికి, నిమ్మకాయంత ఉండలు చేసి, ఒక్కొక్కదాన్ని బొటనవేలితో నొక్కి గుంట పెట్టేది. ఎందుకని అడిగాను. "మంటకు నోరు కావల్ల. లేకుంటే యాడ పట్టుకుంటాది?" అంది. మిద్దె మీద ఎండబెట్టి, పాలపొడి డబ్బాలో మూతపెట్టి పొయ్యి పైన అరుగు మీద ఉంచేది. అగ్గిపుల్ల గుంటలో చూపిస్తే చాలు, నానిన తుమ్మ కట్టె కూడా అందుకునేది. కట్టెలు మండడం లేదని నేను విసుక్కుంటే, "కట్టెనేమనాకు, కింద నువ్వేం పెట్టినావో సూస్కో" అనేది. వీధిలో ఎవరడిగినా ఇచ్చేది, వారం చూసేది కాదు.

కొన్నేళ్ళకు ఇల్లుగలామె కూతురి పెళ్ళి. ముందురోజు నుంచి తుపాను వాన. పందిట్లో గాడిపొయ్యి తవ్వారు గానీ కట్టెలన్నీ తడిసి పొగ తప్ప మంట లేదు. కిరసనాయిలు పోసినా నూనె మండి ఆరిపోతోందట. వంటవాళ్ళు చేతులెత్తేశారు. అగ్గుండల కోసం ఇల్లుగలామె పనిమనిషి మా ఇంటికి వచ్చింది.

"అడిగేటోళ్ళనే రమ్మను" అంది నా భార్య.

ఇల్లుగలామే వచ్చింది. పట్టుచీర, నెత్తిమీద గోనెసంచి. గడప బయట చూరు కింద నిలబడింది.

"పెంకు తెచ్చుకున్యావా అక్కా?"

ఇల్లుగలామె నెత్తిమీది గోనెసంచి ముందుకు లాక్కుంది.

"ఈ పొద్దు శుక్రవారం గాదు, బతికిపోయినావ్ లే."

"పిల్ల పెండ్లిమ్మే..." అంది.

"పిల్ల నన్నేం సేసింది? పిల్లకే ఇస్తాండా, నీకు గాదు. కొంగు పట్టు."

పక్కనే ఖాళీ గంప ఉంది. నేను చూశాను. ఇద్దరు ఆడవాళ్ళూ చూశారు. నా భార్య డబ్బా ఎత్తి ఉండలన్నీ ఆ పట్టుకొంగులో గుమ్మరించింది. ఆముదం మడ్డి ఎంత ఎండినా పట్టుకు అంటుకుంటుంది. అంటుకుంటే పోదు. అది ఆమెకు తెలుసు.

పెళ్ళి భోజనానికి మేము పోలేదు. వాన తెరిపిచ్చాక గాలికి నేతివాసన మా ఇంటిదాకా వచ్చింది. ఆమె సంగటి ముద్ద పెడుతూ, "వాసన బాగుండాది. పొయ్యి మనదే గదా" అంది. బిడ్డ పోయాక ఆమె నోరారా నవ్వడం నేను ఆ రోజే చూశాను.

తర్వాత నంద్యాలకు బదిలీ అయింది. ఎనభైలలో చుట్టుపక్కల ఇళ్ళకు గ్యాసు వచ్చింది. మా ఇంటికి ఆమె రానివ్వలేదు.

పెద్దకర్మ నాడు ఇల్లుగలామె ఆళ్ళగడ్డ నుంచి బస్సులో వచ్చింది. ముసలిదైపోయింది. నా భార్య పటం ముందు కూర్చుని ఏడ్చింది. కుర్చీ వేశాను, నీళ్ళిచ్చాను. కళ్ళు తుడుచుకుని, "ఆ సీర ఇంగా పెట్టెలోనే ఉండాది సారూ. ఎన్ని తూర్లు ఉతికించినా మరక పోలా" అంది. ఆ పదిరోజుల్లో నా చెవిని పడిన మంచిమాట అదొక్కటే.

పోతూ పోతూ వంటింటి వైపు చూసింది. పొయ్యి పైన డబ్బా కనబడింది.

"గురుతుగా రొండుండలు ఇయ్యప్పా."

"ఈ రోజు శుక్రవారమమ్మా" అన్నాను.

ఆ రోజు బుధవారం. ఆమెకు తెలుసు. కొంగు భుజం మీదికి లాక్కుని మెట్లు దిగింది. నా భార్య అయితే ఇచ్చేదేమో. నేను ఇవ్వలేదు. అందుకు బాధ లేదు.

ఆమె వీధి మలుపు తిరిగాక డబ్బా మూత తీశాను. ప్రతి ఉండ మీదా ఆ బొటనవేలి గుంట. ఒకటి తీసి పొయ్యిలో పెట్టి అగ్గిపుల్ల గీశాను. మంట ఆ గుంటలోంచే లేచింది. దాని మీద కట్టె పెట్టలేదు, గిన్నె ఎక్కించలేదు. నీళ్ళు చల్లలేదు. దానంతటది ఆరేదాకా ఎదురుగా కూర్చున్నాను.