పువ్వు పక్కనున్న పేరు

మొన్న మా చిన్నాన్న మనవరాలు తన ఫోను తెచ్చి, అందులో తన పేరు ఎలా ఉందో చూడమంది. ఒక్కో అక్షరం తీగలా వంకీలు తిరిగి, అటూ ఇటూ నక్షత్రాలతో, శుభలేఖ మీద అచ్చేసినట్టుంది. బాగుందమ్మా అన్నాను గాని, ఆ తరువాత పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా లేవలేకపోయాను. అలాంటి అక్షరాల వెనకే మా చెల్లి మాకు కనబడకుండా పోయింది.

రెండువేల సంవత్సరం దాటి అయిదారేళ్ళయిన రోజులవి. చింతపల్లికి పైన కొండ మీద మా ఊరు. నాన్నకు కొద్దిపాటి కాఫీ తోట ఉండేది, ఆదివారం చర్చిలో పాట ఎత్తుకునేదీ ఆయనే. నేను మిషన్ బడి ఆఫీసులో టైపిస్టును. చెల్లి నర్సు చదువు చదివి, పై రాష్ట్రంలో ఏదో ఆసుపత్రిలో చేరి, అక్కడే పనిచేసే అబ్బాయిని పెళ్ళి చేసుకుంటానంది. మన మనిషి కాదు, మన చర్చి కాదు, ఇక దాని పేరు ఈ ఇంట్లో వినపడకూడదన్నాడు నాన్న. చెల్లి ఆ పెళ్ళి చేసుకుంది. నాన్న వచ్చి గొడవ చేస్తాడన్న భయంతో అడ్రసూ ఇవ్వలేదు, ఫోను నంబరూ ఇవ్వలేదు.

మిగిలిన దారల్లా, మనలో చాలామందికి గుర్తుండే ఉంటుంది, స్నేహితుల ఫొటోలు వరసగా కనిపిస్తూ, ఒకరి పేజీలో ఒకరు నాలుగు ముక్కలు రాసుకునే ఆ వెబ్‌సైటే. అందులో చెల్లీ నేనూ అంతకుముందే చెరో పేజీ తెరుచుకున్నాం. నెలకోసారి జీతం అందగానే అమ్మా నేనూ జీపెక్కి, ఘాట్ మలుపుల్లో ఆవిడ కళ్ళు మూసుకుని నిమ్మకాయ వాసన చూస్తుంటే, నర్సీపట్నం ఇంటర్‌నెట్ సెంటరుకి దిగేవాళ్ళం. బజారు పనని నాన్నకు చెప్పేవాళ్ళం. ఆయన నమ్మేవాడో, నమ్మినట్టు ఊరుకునేవాడో తెలియదు.

ఒక నెల వెళ్ళేసరికి చెల్లి తన పేరు మార్చుకుంది. పేరు అదే గాని ఒక్కో అక్షరం చుట్టూ సున్నా, మధ్యలో గ్రీకు అక్షరాల్లాంటివేవో, ముందొక పువ్వు. అప్పట్లో వయసు పిల్లలందరూ అలాగే పెట్టుకునేవారు. చదువు రాని అమ్మకు మాత్రం ఆ పువ్వుతో కూతురి పేజీ గుర్తుపట్టడం వచ్చేసింది.

“అదుగో, పువ్వు కాడున్నది మన గుంటే కదా! ఏటి రాసిందే? బేగి సదువు,” అనేది నా భుజం పట్టుకుని. రాసింది రెండు ముక్కలే అయినా మళ్ళీ మళ్ళీ చదివించుకునేది.

ఆ ఏడు వానల్లో నాన్న మంచం పట్టాడు. దగ్గు తెరిపిచ్చిన ఒక పొద్దున నన్ను పిలిచి, గోడవైపు తిరిగి అన్నాడు. “ఆ సెంటరుకి పోతన్నారని నాకు తెల్దేటి? గుంటని బేగి వచ్చీమని రాయి. ఆ అబ్బాయిని కూడా తెచ్చుకోమను.”

అమ్మ ఏడ్చింది. నేను మరునాడే బడికి సెలవు పెట్టి దిగాను. కంప్యూటరు ముందు కూర్చుని నా పాస్‌వర్డ్ కొడితే తప్పంది. ఎన్నిసార్లు కొట్టినా తప్పే. నలుగురూ వాడే కంప్యూటరు కదా, ఎవరో నా పేజీలో దూరి పాస్‌వర్డ్ మార్చేశారని సెంటరు నడిపే ఆయన చెప్పాడు. కొత్త పేజీ తెరిస్తే అందులో స్నేహితుల వరస ఖాళీ. చెల్లి పేరు కొట్టి వెతికాను. ఆ పేరున ఎవరెవరో వచ్చారు, మా చెల్లి రాలేదు.

“సున్నాలు సుట్టి పెట్టుకుందంటన్నారు కదా, అది మన కంటికే పేరు మేడమ్. కంప్యూటరుకి అవి వేరే అచ్చరాలు. అవే అచ్చరాలు కొడితే గానీ దొరకదు,” అన్నాడాయన.

కీబోర్డు మీద ఆ అక్షరాలు ఎక్కడున్నాయి? టైపు హయ్యరు పరీక్ష ఫస్టు క్లాసులో పాసైన నేను, తోడబుట్టినదాని పేరు టైపు చేయలేక చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఆ తరువాత ఎన్ని రకాల గుర్తులు పెట్టి చూశానో! మా ఇద్దరినీ ఎరిగిన మూడో మనిషి ఆ వెబ్‌సైటులో లేరు. ఆమె పనిచేసిన ఆసుపత్రి పేరు కూడా మాకు తెలియదు.

నాన్నకు రాశాననే చెప్పాం. అప్పటినుంచీ కింద మలుపులో జీపు శబ్దం వినిపిస్తే ఆయన తల ఎత్తేవాడు. అది మా ఊరు దాటి పోయేది. కాఫీ పళ్ళు కోతకొచ్చిన రోజుల్లో పోయాడు. చెల్లికి కబురు లేదు.

కొన్నేళ్ళకు ఆ వెబ్‌సైటే మూసేశారు. చెబితే అమ్మకు చాలాసేపు అర్థం కాలేదు. “మూసేత్తే లోపలున్నోళ్ళు ఏటైపోతారే?” అని అడిగింది. ఆ తరువాత కొన్నాళ్ళకు అమ్మా పోయింది.

ఇప్పుడు మా కొండ మీదా సిగ్నలొస్తుంది. ఎవరు ఎక్కడున్నా క్షణంలో దొరుకుతారంటారు. పూర్వం మనకు కబురు పంపాలంటే సంతకెళ్ళే మనిషో, జీపు డ్రైవరో ఉండేవారు. అది ఆలస్యమయ్యేది, ఒక్కోసారి అందేదీ కాదు, కాని ఎవరి దగ్గర ఆగిపోయిందో వెళ్ళి అడగడానికి ఒక మనిషి ఉండేవాడు. నాది కాకుండా పోయిన ఆ పేజీలో చెల్లి ఎన్నాళ్ళు రాసిందో, జవాబు రాకపోతే మేమే తలుపు వేసేశామనుకుందో, నేనెవరిని అడగను?